గాలం తెగుతున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

పాత డ్రీమ్‌కాస్ట్ వీడియోగేమ్ యంత్రం కొన్నావనీ, గాలం కర్రలాంటి కంట్రోలర్ కూడా దానితోనే దొరికిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వారం నుంచి ఆటలో గాలం లైను తెగడమే తప్ప పెద్ద చేప ఒడ్డుకు రాలేదట. నాకు నవ్వాగలేదు. బాస్ అనే చేపను పట్టే ఈ ఆట, సెగా బాస్ ఫిషింగ్, 1999లో అమెరికాలో విడుదలైనప్పుడు డాలస్‌లో అద్దె గదిలో ముగ్గురం వంతులు వేసుకుని ఆడాం. రీలు ఎంత జోరుగా తిప్పితే అంత మొనగాళ్లమనుకునేవాళ్లం. మొదటి నెలంతా తెగిన లైన్లే.

చేప తగలగానే నువ్వూ ఆపకుండా తిప్పుతున్నావు, చూడకుండానే చెప్పగలను. తెర మీద బిగువు చూపే గుర్తు ఎర్రబడిందా, చెయ్యి తీసెయ్. చేపను లాగనీ. ఎరుపు తగ్గాక నాలుగు చుట్లు తిప్పు, మళ్లీ ఆగు. అది ఎడమకు పరుగెడితే కర్ర కుడికి వంచు. అలాగని మరీ వదులిచ్చావో, గాలం విదిలించుకుని పోతుంది. కర్ర చేతిలో గడగడ వణికేసరికి కంగారు పుడుతుంది, అందుకే కళ్లు ఆ గుర్తు మీదే ఉంచు.

అసలు ఆట అంతకుముందే ఉంది. ఎర నీళ్లలో పడగానే కెమెరా కూడా దానితో మునుగుతుంది కదా, అక్కడ తొందరపడకు. మునిగిన దుంగ పక్కనుంచి బాస్ మెల్లగా బయటికొచ్చి ఎర వెనకే వస్తుంది. ఎర ఒకే వేగంతో పోతుంటే కాసేపు చూసి వెనక్కి తిరుగుతుంది. రెండు చుట్లు తిప్పి ఆపు. ఎర కాస్త కిందికి జారనీ. మణికట్టుతో చిన్నగా ఒక్కసారి అదిలించు, దెబ్బతిన్న చేపపిల్ల గిలగిల్లాడినట్టు ఉండాలి. మీ తాతయ్య కాలువలో తూటికాడల నీడన కప్పను ఇలాగే ఆడించి కొరమేనును పట్టేవారు. బాస్‌దీ కొరమేను బుద్ధే. నీడలో నక్కి ఉంటుంది, తరమడం కంటే మీద పడటమే దానికి ఇష్టం.

ఎరల సంగతి. ఉదయం, సాయంత్రం నీటి మీద తేలే పాపర్ వేసి చూడు. మధ్యాహ్నం లోతుకు దిగే క్రాంక్‌బెయిట్ మేలు. వానపాములాంటి వార్మ్ నాకెప్పుడూ కలిసిరాలేదు, నీ ఇష్టం.

ఈ ఆటను జపాన్ వాళ్లు చేశారు, అక్కడ దీని పేరు గెట్ బాస్. 1997లో డబ్బులేసి ఆడే ఆర్కేడ్ యంత్రంగా వచ్చింది. తమాషా ఏమిటంటే బాస్ వాళ్ల చేప కాదు. 1925లో అమెరికా నుంచి తెచ్చి ఆషి సరస్సులో వదిలారు. అది అక్కడి చేపల్ని మింగేస్తోందని 2005లో హానికర పరాయి జాతుల జాబితాలో చేర్చారు. ఆ తర్వాత నాలుగేళ్లకే, 2009లో, బివా సరస్సులో పది కిలోలు దాటిన బాస్ పడింది. 1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పట్టినదానితో ప్రపంచ రికార్డు సమమైంది. తిట్టుకుంటూనే పెంచినట్టున్నారు!

ఇంకో మాట. నీ టీవీ కొత్తది కాబట్టి గేమ్ మోడ్‌లో పెట్టు. బొమ్మ ఒక్క క్షణం ఆలస్యమైనా చేప తగిలినప్పుడు కర్ర ఎత్తే అదను తప్పుతుంది. మెమరీ యూనిట్ పెట్టిన మామూలు కంట్రోలర్‌ను రెండో పోర్టులో ఉంచు, లేకపోతే గెలిచిన పోటీలు సేవ్ కావు. ఆన్ చేయగానే ఆ మెమరీ యూనిట్ కీచుమంటే దాని బ్యాటరీలు అయిపోయినట్టు, సేవ్ చేసినవి పోవు, భయపడకు. కర్ర ఊపేముందు పైన ఫ్యాను చూసుకో. నేను అదే కర్రతో కత్తియుద్ధాల ఆట ఆడబోయి బల్లదీపం పగలగొట్టాను, డిపాజిట్‌లోంచి కోసుకున్నారు.

శనివారం సాయంత్రం వస్తున్నాను. మొదటి వంతు నాది.

మీ మామయ్య