ఇంజిన్ బ్లాకు గోడ చెమరుస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్. పోత ఇనుము బ్లాకు. దమ్ము చేసి వచ్చాక చూస్తే బ్లాకు ఎడమ పక్కన రూపాయి బిళ్లంత తడి కనిపిస్తోంది. రెండు మూడు రోజులకోసారి గ్లాసెడు నీళ్లు తగ్గుతున్నాయి. ఇంజిన్ ఆయిల్ శుభ్రంగానే ఉంది. బ్లాకు మార్చాలని మెకానిక్, రేడియేటర్‌లో పసుపు పోయమని ఊళ్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: రెండూ వద్దు. పసుపు ఉబ్బి బెజ్జాన్ని కొన్నాళ్లు మూస్తుంది, కానీ రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. దమ్ములో ఇంజిన్ మీద లోడు పడగానే వేడెక్కిపోతుంది.

పోత పోసినప్పుడు ఇనుములో చిక్కిన వాయువుల వల్ల గోడ లోపల సూది బెజ్జాలు మిగులుతాయి. కూలెంట్ లేకుండా ఏళ్ల తరబడి బోరు నీళ్లతో నడిపితే, తుప్పు లోపలి నుంచి గోడను తింటూ వాటిని బయటికి కలుపుతుంది. కొత్తలో లేని చెమ్మ ఇప్పుడు రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

ముందు నీరు ఎక్కడిదో తేల్చుకోండి. హెడ్ గాస్కెట్ నుంచో, వాటర్ పంపు కింది రంధ్రం నుంచో, డమ్మీ (బ్లాకు గోడలోని రంధ్రాన్ని మూసే బిళ్ల) అంచు నుంచో జారి అక్కడికి చేరుతుండవచ్చు. చల్లారిన ఇంజిన్ మీద ఆ భాగాన్ని డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, సుద్దపొడి రాయండి. రేడియేటర్ మూతిలో ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు కొట్టండి (0.9 అని ఉంటే 0.9 బార్, అంటే సుమారు 13 పీఎస్ఐ). పావుగంట చూడండి. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకండి, రేడియేటర్ పగులుతుంది. సుద్ద మీద చుక్కలుగా తడిస్తే సూది బెజ్జాలు. గీతగా తడిస్తే అది పగులు. కింది పద్ధతులు దానికి పనికిరావు, బ్లాకు స్టిచింగ్ (పగులును లోహపు ముక్కలతో కుట్టినట్టు మూయడం) చేసే వర్క్‌షాపుకు తీసుకెళ్లాల్సిందే.

చెయ్యి అందే చోటైతే బయటి నుంచి మూయడమే మేలు. రేడియేటర్‌లో ఏమీ పోయనక్కర లేదు. నీళ్లన్నీ దించి, చుట్టూ అంగుళం మేర పెయింట్, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా 80 నంబరు ఎమరీతో రుద్దండి. ఆ తర్వాత హాట్ ఎయిర్ గన్‌తో బాగా వేడి చేయండి. ఎక్కువమంది వదిలేసేది ఈ పనినే. బెజ్జంలో ఇంకిన నీరు, నూనె బయటికి రాకపోతే ఏ ఎపాక్సీ అయినా నెల తిరక్కుండా పొరలా ఊడివస్తుంది. వేడి చేయడం, చల్లారనిచ్చి అసిటోన్ గుడ్డతో తుడవడం, గుడ్డకు మరక అంటనంత వరకు మళ్లీ మళ్లీ చేయండి. అసిటోన్ దగ్గర మంట ఉండకూడదు. ఇనుము కలిసిన రెండు ట్యూబుల ఎపాక్సీని సమపాళ్లలో కలిపి, మొదటి పూతను బెజ్జాల్లోకి గట్టిగా అదిమి, పైన 2, 3 మి.మీ. మందం వేయండి. 24 గంటల దాకా నీళ్లు పోయకండి.

చెయ్యి అందని చోటైతే సోడియం సిలికేట్ ఉన్న బ్లాక్ సీలర్ వాడవచ్చు. అది బెజ్జంలోంచి ఊరి, వేడి గోడ మీద నీరు ఇగిరిపోగానే గాజులా గట్టిపడుతుంది. పాత కూలెంట్ ఏమాత్రం మిగలకూడదు. కూలెంట్‌లోని గ్లైకాల్ తగిలితే సిలికేట్ ముద్దకట్టి రేడియేటర్ పూడిపోతుంది. రంగు పోయేదాకా మంచినీళ్లతో కడిగి, థర్మోస్టాట్ తీసేయండి. సీలర్ ఎంత పోయాలో, ఇంజిన్ ఎంతసేపు నడపాలో డబ్బా మీద ఉన్నట్టే చేయండి. తర్వాత దించేసి ఒక రోజు ఆరనివ్వండి.

ఏ పద్ధతైనా చివర్లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి. దించిన పాత కూలెంట్‌ను డబ్బాలో మూసిపెట్టండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పశువులు తాగుతాయి. అది వాటి ప్రాణం తీసే విషం.

ప్రశ్న: ఆయిల్ పాల కాఫీ రంగులోకి మారింది. ఇదే సీలర్ పోయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పోయకండి, ఇంజిన్ కూడా నడపకండి. నీళ్లు ఆయిల్‌లోకి వెళుతున్నాయి; సిలికేట్ కూడా అదే దారిన బేరింగుల్లోకి చేరుతుంది. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్లను వెనక్కి తీసుకున్నప్పుడు, ఆ ఇంజిన్లు మళ్లీ పనికిరాకుండా చేయడానికి ఆయిల్ బదులు పోయించింది సోడియం సిలికేట్ ద్రావణాన్నే. హెడ్ విప్పించి గాస్కెట్, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు), వాటి రబ్బరు రింగులు చూపించండి.