గబ్బిలం రెక్క మీద పిల్లలే ఎందుకున్నాయి?

ప్రశ్న: మేడమ్ గారూ, బ్రెజిల్‌లోని పంతనాల్ చిత్తడి నేలల గురించి టీవీలో ఒక కార్యక్రమం చూశాను. రాత్రి వలలో పడిన గబ్బిలం రెక్క విప్పి, దాని మీద ఆవగింజ కన్నా చిన్నగా ఉన్నవేవో పట్టకారుతో తీసి సీసాలో వేశారు. అవి పేలా, పిడుదులా? పిడుదులైతే అన్నీ అంత చిన్నవే ఎందుకున్నాయి? మనుషులకు పడతాయా?
- ఒక ఇంటర్ విద్యార్థిని

జవాబు: అన్నీ అంత చిన్నవే ఎందుకున్నాయని అడిగావు చూడమ్మా, ఆ మాట కోసమే ముందు నీ ఉత్తరం తీసుకున్నాను. అవి పిడుదులే. కాకపోతే నువ్వు చూసినవి పిల్లలు. పెద్దవి ఆ సమయానికి చెట్టు తొర్రలో ఉన్నాయి.

పశువులను పట్టే పిడుదుకు వీపు మీద గట్టి పలక ఉంటుంది. పంతనాల్ గబ్బిలాల మీద ఎక్కువగా కనిపించే రకానికి ఆ పలక ఉండదు, ఒళ్లంతా ముడతలు పడిన తోలు సంచిలా ఉంటుంది. వీటిని మెత్తటి పిడుదులంటారు. ఆర్నితోడోరస్ హాసెయి అనేది అందులో ఒకటి. నీటి మీద ఎగురుతూ పురుగులను పట్టుకునే చిన్న బుల్‌డాగ్ గబ్బిలం మీద అది దొరికింది. ఆ గబ్బిలం పగలు ఎక్కువగా చెట్టు తొర్రల్లో గుంపుగా నిద్రపోతుంది.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇలాంటి పిడుదు పిల్లను మైక్రోస్కోప్ కింద చూశాను. లెక్కపెడితే ఆరే కాళ్లు. పిడుదులు సాలీళ్ల వర్గానివి, ఎనిమిది ఉండాలి కదా, రెండు విరిగాయేమో అని ఇంకో స్లైడ్ పెట్టాను. దానికీ ఆరే! లార్వా దశలో అంతేనని, మొదటిసారి కుబుసం విడిచాకే ఎనిమిది అవుతాయని అప్పుడు బుర్రకెక్కింది. నోటి దగ్గర చిన్న ముల్లు, దానికి వెనక్కి తిరిగిన పళ్లు. చర్మంలో దిగితే గబ్బిలం ఎగిరినా, విదిలించుకున్నా ఊడి రాదు.

అలా పట్టుకుని లార్వా రోజుల తరబడి రక్తం తాగుతుంది, గబ్బిలంతో పాటే ఎగురుతుంది. ఒక తొర్ర నుంచి ఇంకో తొర్రకు పిడుదులు చేరేది ప్రధానంగా ఇలాగే. కడుపు నిండాక రాలిపోతుంది. ఆ తర్వాత దాని బతుకంతా తొర్ర పగుళ్లలోనే. గబ్బిలాలు నిద్రలో ఉండగా బయటికొచ్చి, నిమిషాల్లోనో, మహా అయితే ఓ గంటలోనో తాగేసి మళ్లీ పగుల్లోకి దూరిపోతుంది. తిండి లేకుండా నెలల తరబడి ఆగగలదు కూడా. వల కట్టేది చీకటి పడ్డాక, గబ్బిలాలు మేతకు బయల్దేరే వేళకు. ఇక పెద్ద పిడుదులు అందులో ఎలా పడతాయి?

ఇందులో ఒక చిక్కుంది. రకరకాల పిడుదుల లార్వాలు దాదాపు ఒకేలా ఉంటాయి. సీసాలో వేసిన వాటిని కొలిచి, డీఎన్ఏ కూడా చూస్తే గానీ ఏది ఏదో తేల్చలేం.

ఇక నీ టెన్షన్ సంగతి. ఇంటి కప్పులో గబ్బిలాలు కాపురమున్నచోట, ఈ కుటుంబానిదే అయిన ఆర్నితోడోరస్ మిమాన్ అనే పిడుదు బ్రెజిల్‌లోనే మనుషులను కుట్టింది. కుట్టినచోట బాగా వాచి, విపరీతంగా దురద పెట్టింది. అడవిలో తొర్ర పట్టుకుని బతికేవి మాత్రం మనిషిని వెతుక్కుంటూ రావు. గబ్బిలాన్ని వట్టి చేతులతో పట్టుకోకూడదు, అది పిడుదుల కన్నా ముందు రేబిస్ భయంతో. ఆ కార్యక్రమంలో వాళ్ల చేతులకు గ్లోవ్స్ ఉండే ఉంటాయి.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. 2020 మంటల్లో పంతనాల్‌లో సుమారు నాలుగో వంతు కాలిపోయింది. తొర్ర పడేంత లావు చెట్టు కావాలంటే దశాబ్దాలు పట్టాలి. అది కూలితే గబ్బిలం ఎగిరిపోయి ఇంకో చోటు వెతుక్కుంటుంది, లార్వాలూ దాంతో వెళ్తాయి. పగుళ్లలోని పెద్దవి చెట్టుతో పాటే కాలిపోతాయి. వాటిలో ఇంకా పేరు పెట్టని రకాలు ఉండవని ఎలా అనుకోను?