పాత స్పీకర్లకు ముందు పరీక్ష, తర్వాత ఫోమ్, ఆ తర్వాతే కెపాసిటర్లు

మీరు అడిగింది ఇదీ: సెకండ్‌హ్యాండ్‌లో 1980ల నాటి త్రీ-వే (లావు, మధ్యస్థ, సన్నని శబ్దాలకు వేర్వేరు స్పీకర్లున్న) స్పీకర్ల జత దొరికింది. లావు శబ్దాలిచ్చే 10 అంగుళాల వూఫర్ల చుట్టూ ఫోమ్ ముట్టుకుంటే రాలిపోతోంది, ఒక పెట్టెలో సన్నని శబ్దాలిచ్చే ట్వీటర్ నీరసంగా మోగుతోంది. ముందు క్రాసోవర్‌లోని (శబ్దాన్ని విడగొట్టి ఒక్కో స్పీకర్‌కి పంపే సర్క్యూట్) కెపాసిటర్లన్నీ మార్చేయాలా? వద్దు. జబ్బు ఎక్కడుందో తెలియకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే, తర్వాత శబ్దంలో తేడా వచ్చినప్పుడు అది దేనివల్లో పట్టుకోలేరు. పైగా ఒకప్పుడు ఈ స్పీకర్ ఎలా మోగేదో మళ్లీ అలా మోగించడమే మన పని, కొత్త స్పీకర్ తయారు చెయ్యడం కాదు.

మల్టీమీటర్‌తో ఒక్కో వూఫర్ నిరోధం కొలవడంతో మొదలుపెట్టండి. 8 ఓమ్‌ల వూఫర్ సాధారణంగా 5.5 నుంచి 7 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది, 4 ఓమ్‌లదైతే 3 నుంచి 3.5 దాకా. జతలో రెండూ దాదాపు ఒకే అంకె చూపించాలి. రీడింగే రాకపోతే వాయిస్ కాయిల్ (కోన్ వెనక ఉండే తీగచుట్ట) గానీ, దానికి వెళ్లే సన్నని అల్లిక వైరు గానీ తెగినట్టు. తర్వాత రెండు బొటనవేళ్లు ఎదురెదురుగా పెట్టి కోన్‌ని (వూఫర్ ముందుండే గరాటు లాంటి భాగాన్ని) సమంగా లోపలికి నొక్కండి. గరగరమంటే కంగారు పడకండి. ఫోమ్ ఊడిన వూఫర్‌లో కోన్ ఒక పక్కకు వాలి కాయిల్ రుద్దుకోవడం మామూలే. కోన్‌ని వేళ్లతో మధ్యకు తెచ్చి నొక్కినా గరగర పోకపోతే కాయిల్ కాలి ఉబ్బి ఉండొచ్చు. అలాంటిదానికి కొత్త ఫోమ్ వేసి లాభం లేదు.

ట్వీటర్ సంగతి తేల్చడం ఇంకా తేలిక. ముందు, ట్వీటర్ శబ్దాన్ని పెంచి తగ్గించే లెవెల్ నాబ్‌లు ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి 20, 30 సార్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. చాలా జబ్బులు అక్కడే పోతాయి. పోకపోతే రెండు పెట్టెల ట్వీటర్లను అటుదిటు మార్చండి. నీరసం ట్వీటర్ వెంట వెళ్తే తప్పు ట్వీటర్‌ది. పాత పెట్టెలోనే ఉండిపోతే క్రాసోవర్‌ది.

విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని ఎంత గట్టిగా లాక్కుంటుందంటే, చెయ్యి కాస్త సడలితే చాలు, కోన్‌లో చిల్లు పడుతుంది. రెండో అరచేతిని కోన్‌కి అడ్డంగా పెట్టుకునే స్క్రూలు తియ్యండి. ఏ వైరు ఏ కాలుకి (టెర్మినల్‌కి) ఉందో ఫొటో తీశాకే ఊడదీయండి.

ఇక ఫోమ్. పాలీయురెథేన్ ఫోమ్ గాలిలోని తేమకీ ఆక్సిజన్‌కీ దానంతట అదే కుళ్లిపోతుంది, స్పీకర్ వాడినా మూల పెట్టినా ఒకటే. కొత్త రింగు కొనేముందు నాలుగు కొలతలు తీసుకోండి: కోన్ బయటి వ్యాసం, రింగు లోపలి రంధ్రం, ఉబ్బెత్తు మడత బయటి అంచు, ఫ్రేమ్‌కి అంటుకునే అంచు. కోన్‌కి అతికే లోపలి అంచు బల్లపరుపుగా ఉందా, ఏటవాలుగా ఉందా అన్నదీ చూసుకోండి. "10 అంగుళాల రింగు" అని అడిగి కొంటే సరిపోని రింగే చేతికొస్తుంది. ఎక్కువకాలం వస్తుంది కదా అని ఫోమ్ ఉన్నచోట రబ్బరు వెయ్యకండి. బరువు, బిగువు మారి కోన్ సహజ కంపనమే మారిపోతుంది. ఆ పెట్టె కొలతలు పాత కంపనానికి కుదిర్చి పెట్టినవి.

పనిలో ముప్పాతిక వంతు పాత జిగురు తియ్యడమే. ఐసోప్రోపిల్ ఆల్కహాల్‌ని దూదిపుల్లతో కొంచెం కొంచెం రాయండి. ఒక నిమిషం ఆగితే జిగురు మెత్తబడి, బొటనవేలితో తోస్తే చిన్న చిన్న వత్తుల్లా చుట్టుకుంటూ వస్తుంది. కాగితపు కోన్‌ని మాత్రం తడిపేయొద్దు. మచ్చలా పలచటి పొర మిగిలినా పరవాలేదు గానీ గడ్డలు మిగలకూడదు. రింగు వాటి మీద ఎత్తుగా కూర్చుని కొన్నాళ్లకి అక్కడే లేస్తుంది. కాగితపు కోన్‌కి ఆరాక పారదర్శకమయ్యే తెల్లని పీవీఏ జిగురు చాలు. పాలీప్రొపిలీన్ కోన్‌కి అది పట్టదు, ఆ ప్లాస్టిక్‌కి పట్టే జిగురే వాడాలి. సూపర్ గ్లూ దేనికీ వద్దు. అది గట్టిపడి పెళుసవుతుంది, ఫోమ్ ఆ గీత వెంటే చిరుగుతుంది.

మొదట రింగుని కోన్‌కే అతికించి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఫ్రేమ్‌కి. అసలు పరీక్ష ఇక్కడే, కాయిల్‌ని సరిగ్గా మధ్యలో నిలపాలి. కోన్ మధ్య ఉన్న డస్ట్ క్యాప్‌ని కొత్త బ్లేడుతో కోసి, కాయిల్‌కీ లోపలి ఇనుప దిమ్మకీ మధ్య పలచని ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు నాలుగు సమాన దూరంలో దోపడం ఒక దారి. క్యాప్ కోయకుండా, జిగురు తడిగా ఉండగానే 20 నుంచి 30 హెర్ట్జ్ శబ్దాన్ని చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, గరగర వినిపించకుండా రింగుని సర్దడం రెండోది. మొదటిసారి చేసేవారికి నేను ఫిల్మ్ ముక్కలే చెబుతాను. జిగురు ఆరేలోపు చెవికి ఏ మోత రుద్దుడో తెలియడం కష్టం. జిగురు ఆరడానికి 24 గంటలు ఆగండి, తొందరపడి 6 గంటలకే కోన్‌ని కదిలిస్తే పక్కకు జరిగిపోతుంది.

ఇప్పుడు కెపాసిటర్లు. పాతవాటిలో నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలైటిక్ రకమే ఎండిపోతుంది. ఫిల్మ్ రకం దశాబ్దాలు నిలుస్తుంది, దాన్ని ముట్టుకోకండి. ఒక కాలు సోల్డర్ విప్పి కొలవండి. రాసి ఉన్న విలువ కంటే 10 శాతానికి మించి తేడా ఉంటే రెండు పెట్టెల్లోనూ మార్చండి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ ఇక్కడ పనికిరాదు, సంగీతపు కరెంటు అటూ ఇటూ దిశ మారుతుంది. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ. ట్వీటర్ దారిలో ఫిల్మ్ కెపాసిటర్ వేసాక శబ్దం చురుక్కుమంటే ఆశ్చర్యం లేదు. పాతదాని అంతర్నిరోధం కొత్తదానిలో లేదు. దానితో సిరీస్‌లో 0.3 నుంచి 0.5 ఓమ్ రెసిస్టర్ పెడితే సర్దుకుంటుంది. క్రాసోవర్‌లోని తీగచుట్లను ఉన్నచోటు నుంచి జరపకండి, తిప్పకండి. ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదాని మీద పడుతుంది.

తప్పు ట్వీటర్‌దే అని తేలితే, కొన్ని మోడళ్లలో కాయిల్ చుట్టూ ఉండే ఫెర్రోఫ్లూయిడ్ అనే అయస్కాంత ద్రవం గట్టిపడి ఉండొచ్చు. ఆ సందుని పలచని కాగితపు ముక్కలతో తుడిచి కొత్తది వేస్తే ప్రాణం వస్తుంది, కానీ ఫ్యాక్టరీలో వేసిన మోడల్‌కే వెయ్యాలి. 1974 నాటి యమహా ఎన్‌ఎస్-1000ఎం లాంటి స్పీకర్లలో ఉండే బెరీలియం అనే లోహపు గుమ్మటాలు పగిలి ఉంటే వాటి జోలికి వెళ్లకండి, ఆ పొడి ఊపిరితిత్తులకి విషం.

తిరిగి బిగించేటప్పుడు లోపలి గ్లాస్‌ఫైబర్ దూది ఎంత ఉందో అంతే వెయ్యండి, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. పూర్తిగా మూసిన పెట్టె అయితే వూఫర్‌ని నెమ్మదిగా నొక్కి వదలండి, కోన్ నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వస్తే ఎక్కడో గాలి పోతోంది, గాస్కెట్ (వూఫర్ అంచు కింద గాలి పోకుండా ఉండే పట్టీ) చూడండి.

ధ్రువాలు చూడటానికి 1.5 వోల్టుల బ్యాటరీని వూఫర్‌కి క్షణం ఆనించండి. ఎర్ర కాలుకి ప్లస్ ఇస్తే కోన్ బయటికి రావాలి. పాత జేబీఎల్ వూఫర్లు మాత్రం లోపలికి వెళ్తాయి, అవి అలా తయారైనవే. ఏ బ్రాండైనా రెండు వూఫర్లూ ఒకే దిక్కుకి కదలాలి. చివరగా ఆంప్లిఫయర్‌ని మోనోలో పెట్టి, రెంటికీ సమదూరంలో కూర్చుని మనిషి గొంతు వినండి. గొంతు సరిగ్గా మధ్యలో నిలవాలి. "స" అక్షరాలు ఒక పక్కకు జారుతుంటే ఆ రెండోవైపు ట్వీటర్ దారిని మళ్లీ కొలవండి.