ఇంజెక్షన్ ఆగినా ఈఎంఐ ఆగదు

ప్రశ్న: నా వయసు 41. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి రూ.72,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐతో కలిపి ఖర్చు రూ.52,000. బ్యాంకులో రూ.70,000 ఉంది. కంపెనీ బీమా రూ.5 లక్షలు. బీపీ ఉంది, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 36. బరువు తగ్గడానికి డాక్టరు వారానికోసారి వేసుకునే మౌంజారో ఇంజెక్షన్ రాశారు. నెలకు రూ.14,000 అవుతుంది. 16 శాతం వడ్డీకి 24 నెలల పర్సనల్ లోన్ రూ.2 లక్షలు తీసుకుంటే ఏడాది పైనే గడుస్తుంది కదా?

జవాబు: గడవదు. మందు వాడాలా వద్దా అన్నది మీరూ డాక్టరూ తేల్చుకోండి. అప్పు మాత్రం వద్దు.

చాలామందిలాగే మీరూ మొదటి నెల బిల్లుతోనే లెక్క కట్టేశారు. రూ.14,000 అన్నది 2.5 మి.గ్రా. వయల్స్ (చిన్న మందు సీసాలు) నాలుగింటికి. అది శరీరానికి అలవాటు చేసే డోసు. ఐదో వారం నుంచి 5 మి.గ్రా. 2025 మార్చిలో ఇక్కడ విడుదలైనప్పటి ధరల్లో అది వయల్‌కి రూ.4,375, అంటే నెలకు రూ.17,500. అవసరమైతే డాక్టరు ఇంకా పెంచుతారు. 5 దగ్గరే ఆగినా మీ రెండు లక్షలు పన్నెండో నెల మందుకు చాలవు. రూ.9,793 ఈఎంఐ మాత్రం ఇంకో ఏడాది ఉంటుంది. అప్పుడు మందు, ఈఎంఐ కలిపి రూ.27,293. మీకు మిగిలేది రూ.20,000. మానేద్దామా అంటే, తగ్గిన బరువులో ఎక్కువ భాగం మళ్లీ వచ్చేస్తుందని క్లినికల్ ట్రయల్స్‌లోనే తేలింది. డబ్బు చాలక రెండు వారాలకోసారి వేసుకోవడం, ఒక వయల్‌ని రెండు సార్లకు పంచుకోవడం లాంటివి అసలు చేయొద్దు. ఆ వయల్ ఒక్కసారికే.

అసలు మీకున్న రూ.70,000 నెలన్నర ఖర్చుకైనా రాదు. ఉద్యోగం పోతే కంపెనీ బీమా కూడా దాంతోనే పోతుంది. కొన్నాళ్లు ఆగితే ఇబ్బందేమైనా ఉందా అని డాక్టర్ని అడగండి. ఆగవచ్చంటే ఆ రూ.20,000 నెలనెలా విడి ఖాతాలోకి పంపండి. ఉన్న రూ.70,000తో కలిపి ఐదు నెలల్లో మూడు నెలల ఖర్చు, రూ.1,56,000 దాటుతుంది. మందు అప్పుడు మొదలుపెట్టండి, అదీ జీతంలోంచే. ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిధి అయ్యేదాకా బోనస్ వచ్చినా అందులోకే.

ఆగకూడదంటే చవకైన మందు ఏదైనా సరిపోతుందా అని అడగండి. బరువు తగ్గించే మరో మందు సెమాగ్లుటైడ్‌కి మన దేశంలో పేటెంట్ 2026 మార్చి వరకే, ఆ తర్వాత వేరే కంపెనీలూ తయారుచేయొచ్చు. క్రెడిట్ కార్డు ఈఎంఐ, గోల్డ్ లోన్ కూడా అప్పులే, వాటి జోలికీ పోవద్దు.

ఈ ఇంజెక్షన్ల ఖర్చు మామూలు ఆరోగ్య బీమాలో రాదు. అయినా సొంత పాలసీ ఒకటి ఇప్పుడే తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో బీపీ, బరువు, రాసిన మందు అన్నీ చెప్పండి. ప్రీమియం కాస్త పెరగొచ్చు, బీపీకి మూడేళ్ల వరకు వెయిటింగ్ (అప్పటిదాకా దానికి క్లెయిమ్ ఇవ్వరు) పెట్టొచ్చు. దాస్తే రేపు క్లెయిమ్ దగ్గర పాత ప్రిస్క్రిప్షన్లే బయటపడతాయి.