చలికి మాడిన యుక్కాను పీకేయాలా, ఉంచాలా?

లంబసింగిలో ఆరుబయట పెట్టిన మీ యుక్కా (కత్తుల్లాంటి పొడవాటి ఆకులుండే అలంకరణ మొక్క) ఆకులు చలికి గోధుమరంగు తిరిగి వేలాడిపోయాయని, పీకేయమంటారా అని అడిగారు. ఇప్పుడే పీకకండి. ముందు కాండాన్ని మొదలు నుంచి పైదాకా బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి. గట్టిగా ఉన్నంత మేరా మొక్క బతికే ఉంది, ఆకులు ఎంత మాడినా సరే.

మాది విశాఖ. ఇక్కడ సముద్రం పక్కన ఈ బాధ ఉండదు, ఉప్పుగాలిని కూడా యుక్కా బాగానే తట్టుకుంటుంది. కానీ చింతపల్లిలో ఉండే మా అక్కకి గృహప్రవేశానికి కడియం నుంచి తెప్పించిన పెద్ద యుక్కా ఇచ్చాను, అది జనవరిలో ఓ రాత్రి గడ్డి మీద మంచు పేరుకునేంత చలిలో బయటే ఉండిపోయింది. తెల్లారేసరికి ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా నీరుపట్టి వాలిపోయాయట. ఆకు లోపలి నీరు గడ్డకట్టి కణాలు చితికిపోతే అలాగే అవుతుంది, ఆ ఆకు మళ్లీ పచ్చబడదు. కుండీల్లో ఎక్కువగా అమ్మే మెత్తటి మొనల రకం మెక్సికో, మధ్య అమెరికా మొక్క, సున్నా డిగ్రీల దగ్గరికొస్తే దెబ్బతింటుంది. ఆకుల అంచున దారాల్లాంటి పోగులుండే రకమైతే చలికి చాలా గట్టిది.

అక్క ఏమనుకుందంటే, మొక్క ఎండిపోతోంది కాబట్టి దాహమని రోజూ చెంబులకొద్దీ నీళ్లు పోసింది. అసలు నష్టం అక్కడే జరిగింది. ఆకుల్లేని మొక్క నీళ్లు తాగదు, మట్టి తడిగానే ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. నేను వెళ్లేసరికి మొవ్వు పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది, పులిసిన వాసన.

కారులో వైజాగ్ తెచ్చి, హాక్సా బ్లేడును స్పిరిట్‌తో తుడిచి కోశాను. మొదటి కోతకి లోపల మగ్గిపోయిన అరటిపండులా ఉంది. నాలుగు వేళ్లు కిందకి కోస్తే చుట్టూ తెల్లగా ఉన్నా నడుమ గోధుమరంగు చుక్క, దాన్ని వదిలేస్తే కుళ్లు మళ్లీ కిందకి దిగుతుంది కాబట్టి మనసొప్పకపోయినా ఇంకోసారి కోశాను. అప్పుడు పచ్చి ముల్లంగి కోసినట్టు గట్టిగా, తెల్లగా వచ్చింది. మీరూ ఆ తెలుపు కనిపించేదాకా కోయండి, ప్రతి కోతకీ బ్లేడు తుడవండి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు, కుళ్లు రాకుండా వాడే మందు) పొడిని ముద్దలా కలిపి పూశాను.

తర్వాత గాలి ఆడే నీడలో పెట్టి, వేలు రెండు కణుపుల లోతు గుచ్చినా తడి తగలనప్పుడే నీళ్లు పోశాను. ఎరువు అసలు వెయ్యలేదు, మీరూ చిగురు వచ్చేదాకా వేయొద్దు. రెండు నెలలు మోడులా నిలబడింది, రోజూ చూసి టెన్షన్ పడేదాన్ని. మార్చి చివర్లో కోతకి కాస్త కింద బెరడు చీల్చుకుని మినపగింజంత బొడిపె కనిపించింది, వారానికి పక్కనే ఇంకోటి. ఇప్పుడు మొక్కకి మూడు తలలు, ఆకులు మూరెడు పొడవు. చిగుళ్లు వచ్చాక ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకండి, పొద్దుటి ఎండతో మొదలుపెట్టి మెల్లగా అలవాటు చెయ్యండి.

ఒకవేళ మొదలే మెత్తబడిపోయి పైన ఎక్కడో గట్టి ముక్క మిగిలితే దాన్ని కోసి, వారం రోజులు నీడన ఆరనిచ్చి, తలకిందులు కాకుండా ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటండి, వేళ్లు వేస్తుంది. మొదలు నుంచి చివరిదాకా మెత్తబడితే మాత్రం ఆశ లేదు.

వచ్చే డిసెంబరుకి వరండాలోకి జరపండి. కుదరకపోతే రాత్రి పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసేయండి, ప్లాస్టిక్ కవరు ఆకులకి తగిలేలా కట్టొద్దు. నొక్కి చూశాక ఎంత ఎత్తు దాకా గట్టిగా ఉందో, కుండీ అడుగు చిల్లు మూసుకుపోయిందేమో చూసి రాయండి, ఎక్కడ కోయాలో చెప్తాను.