చేపను వదిలేసే ముందు ఒక మాట

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. రెండున్నర కిలోల రోహు, అదీ గాలం పట్టిన మూడో నెలకే! "తినడానికి కాదు బాబాయ్, మళ్లీ చెరువులోనే వదిలేశాను" అని రాశావు చూడు, అది చదివి ఇంకా సంతోషపడ్డాను. కానీ ఫోటో పెద్దది చేసి చూస్తే చేప ఒంటినిండా ఇసుక అంటుకుని ఉంది, నీ వేళ్లు రెండు మొప్పల్లోకి దూరి ఉన్నాయి. నీళ్లలో పడగానే తోక ఆడించి వెళ్లిపోయే ఉంటుంది, కాదనను. సాయంత్రం దాకా బతికిందా అన్నదే నా అనుమానం. కోప్పడటానికి కాదు నాన్నా, ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి రాస్తున్నాను.

బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో కావేరి మీద మహసీర్ కోసం వెళ్లేవాణ్ణి. అక్కడి అభయారణ్యంలో గాలం వేయడం 2012లో ఆపేశారు, ఇది అంతకు ముందు మాట. పట్టిన చేపను వదిలేయాల్సిందే, అప్పటి పద్ధతి అది. ఒకరోజు నాకు పదిహేను కిలోలు దాటిన మహసీర్ పడింది, వీపు మీద మూపురం ఉంటుందే, ఆ రకం. లైన్ సన్నది కావడంతో ముప్పావు గంట లాగాల్సి వచ్చింది. ఒడ్డుకు తెచ్చి ఎండకు కాలిన బండ మీద పడుకోబెట్టి, ఒకరు కెమెరా వెతుకుతుంటే ఇంకొకరు టేపుతో కొలుస్తుంటే, అది గిలగిలా కొట్టుకుని పక్కన పెద్ద పెద్ద పొలుసులు రెండు ఊడిపోయాయి. వదిలాక మెల్లగా లోతుకు పోయింది, అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు పొద్దున కింది మలుపులో రాళ్ల మధ్య వెల్లకిలా తేలుతోంది. పొలుసులు ఊడిన చోటు చూసి గుర్తుపట్టాను. ఆ జాతి కావేరిలోనూ దాని ఉపనదుల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని శాస్త్రీయ నామం టోర్ రెమాదేవి అని తేలింది 2018లో, ఆ ఏడాదే అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలోకి ఎక్కింది. అలాంటిదాన్ని ఒకదాన్ని నేను ఫోటో కోసం చంపాను.

ఎందుకు చస్తుందో చెప్తాను. గాలానికి పడిన చేప ప్రాణం పెట్టి లాగుతుంది, మనం వంద మెట్లు పరిగెత్తి ఎక్కినట్టు. అప్పుడు దానికి కావాల్సింది ఊపిరి, మనమేమో సరిగ్గా అప్పుడే నీళ్లలోంచి బయటికి తీస్తాం. నీళ్లు లేకపోతే మొప్పల రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 1992లో కెనడాలో రెయిన్‌బో ట్రౌట్ మీద ఒక ప్రయోగం చేశారు: బాగా అలిసిపోయేలా ఈదించిన చేపల్లో నీళ్లలోనే ఉంచినవి 12 శాతం చనిపోతే, 30 సెకన్లు బయట పెట్టినవి 38 శాతం, ఒక నిమిషం పెట్టినవి 72 శాతం చనిపోయాయి, అదీ 12 గంటల్లోపే. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప, రోహు అంత సుకుమారం కాదులే, కానీ జరిగేది అదే.

అందుకని వదిలేసే పని గాలం వేయకముందే మొదలవ్వాలి. ముక్కు సన్నగా ఉన్న ప్లయర్ జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఒక చిన్న ముల్లు ఉంటుంది కదా, దాన్ని ఆ ప్లయర్‌తోనే నొక్కి చదును చేసెయ్. చేపలు తప్పించుకుంటాయేమో అనిపిస్తుంది, లైన్ బిగువుగా ఉంచితే పోవు, విప్పడం మాత్రం రెండు సెకన్ల పని. గాలం గొంతులోకి దిగిపోతే కెలకొద్దు. లైన్‌ను నోటి దగ్గర కత్తిరించి వదిలెయ్, లోపల మిగిలిన గాలాన్ని చాలాసార్లు చేప తనే వదిలించుకుంటుంది. అందుకే స్టెయిన్‌లెస్ స్టీల్ గాలాలు కొనొద్దు, అవి తుప్పు పట్టి రాలవు.

చేతులు తడపకుండా చేపను ముట్టుకోవద్దు. ఒంటి మీద ఉండే జిగురే దానికి రక్ష. పొడి చేతికి, తువ్వాలుకి, ఇసుకకి ఆ జిగురు ఊడొచ్చేస్తుంది, వారం తిరక్కుండా అక్కడ తెల్లగా బూజు పడుతుంది. ముడులున్న నైలాన్ వల కూడా అంతే, రబ్బరు పూత ఉన్నది వాడు. ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి పొట్ట కింద, అడ్డంగా. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే దాని బరువంతా మెడ మీద పడుతుంది.

ఫోటో వద్దని అనను. చేప వలలో, నీళ్లలోనే ఉండగా ముందు ఫోన్ రెడీ చేయమని చెప్పు, తర్వాత ఎత్తు, ఒంటి నుంచి నీళ్లు కారుతుండగానే మళ్లీ దించెయ్. వదిలేటప్పుడు విసరొద్దు. పారే నీళ్లయితే తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి వీపు పైకి ఉండేలా పట్టుకో, ముందుకీ వెనక్కీ ఊపకు, వెనక్కి లాగితే మొప్పల్లోకి నీళ్లు ఎదురు తిరుగుతాయి. నీ చేతిని తనే తన్ని వెళ్లే దాకా ఆగు. ఒక్కోసారి ఐదు నిమిషాలు పడుతుంది, మోకాళ్లు నొప్పి పుడతాయి, అయినా ఆగు.

కొర్రమీను లెక్క వేరే, ఇది చాలామందికి తెలీదు. అది పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప, కోలుకుంటుందని నీళ్ల కిందే నొక్కి పట్టుకుంటే అక్కడే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. తడి చేతులతో దించి వెంటనే వదిలెయ్. వానలు మొదలయ్యాక చెరువు అంచున ఎర్రటి పిల్లలు ముద్దగా పైకి తేలి ఆడుతుంటే అటు గాలమే వెయ్యకు. కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పది నిమిషాలు పక్కకు లాగినా చాలు, మిగతా చేపలు వచ్చి పిల్లల్ని మింగేస్తాయి.

ఎండాకాలం మధ్యాహ్నాలు మానెయ్. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా పట్టే ప్రాణవాయువు 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. అలాగని పచ్చగా మారిన చెరువుకు తెల్లారకముందే వెళ్లినా లాభం లేదు. రాత్రంతా నాచు ఊపిరి పీల్చేసి వేకువకి నీళ్లలో ఏమీ మిగలదు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. అలా కనిపించిన రోజు గాలం తీయకుండా ఇంటికెళ్లిపో. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే మాత్రం తిరిగి వదలొద్దు, దాన్ని పెంచడమే మన దేశంలో నిషేధం. చెరువు సొసైటీ వాళ్లని అడగకుండా ఎక్కడా కూర్చోకు.

వచ్చే నెల హైదరాబాద్ వస్తాను. నా రబ్బరు వల నీకు తెస్తున్నాను, పిడి కాస్త వదులైంది, టేపు చుడితే సరిపోతుంది.

బాబాయ్