ముక్క తగ్గిస్తానంటున్న మా చెల్లెలి కొడుక్కి

చిరంజీవి అబ్బాయికి, పెదవాల్తేరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి డాక్టరుగారు మాంసం తగ్గించమన్నారట, నువ్వేమో వచ్చే సోమవారం నుంచి ముక్క ముట్టనని ఒట్టు పెట్టుకున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పిల్లాడు నీరసించిపోతాడేమోనని ఆవిడకి ఒకటే టెన్షన్. నాకు ఆ భయం లేదు గానీ ఇంకోటి ఉంది. మొదటి వారం పప్పు, పెరుగుతో ఎలాగో లాగిస్తావు. రెండో వారం బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువ అన్నం. మూడో ఆదివారం పొద్దున్నే మధురవాడలో చికెన్ షాపు ముందు లైన్లో ఉంటావు. ఇలా వదిలి మళ్ళీ పట్టుకున్నవాళ్ళు మన చుట్టాల్లోనే బోలెడుమంది. పట్టుదల లేక కాదు, ముక్క తీసేసిన చోట కంచంలో ఏమీ పెట్టుకోక. అందుకని ఏం మానాలో తక్కువ, ఏం వండుకోవాలో ఎక్కువ రాస్తున్నాను. కోడలికి కూడా చదివి వినిపించు. వంట ఆ పిల్ల ఒక్కతే చేస్తోందంటే మాత్రం ముందు నువ్వు కూడా గరిటె పట్టుకో, ఆ తర్వాతే మిగతా సలహాలు.

ఒట్టు గట్టు మీద పెట్టు. ఒక వరసలో వదులుకుంటూ రా. అన్నిటికంటే ముందు ఫ్రిజ్‌లో ఉన్న సాసేజ్, సలామీ ప్యాకెట్లు బయటికి పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. వాటి గురించి ఇక మాట్లాడేదేం లేదు. తర్వాత వేట మాంసం, అంటే మేక మాంసం. నీ రిపోర్టులో చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచేది ఆ కొవ్వే. వారం వారం తినేది పండక్కీ పబ్బానికీ సరిపెట్టు. మా చిన్నప్పుడు ఊళ్ళో అంతే కదా. ముక్కనుమకో, అమ్మవారి జాతరకో, ఇంటికి అల్లుడొస్తేనో తప్ప వేట తెగేది కాదు. ప్రతి ఆదివారం మాంసం అన్నది మన తాతల ఆచారమేం కాదు. ఆ తర్వాత చికెన్. మామూలు రోజుల్లో మానేసి ఆదివారానికి మిగుల్చుకో, కొన్నాళ్ళకి రెండో ఆదివారానికి జరుపు.

చేపని ఆఖరున వదులు. ఈ మాటకి నన్ను తిట్టేవాళ్ళు ఉంటారు. అయినా సముద్రం ఒడ్డున పుట్టి, కవళ్ళ పులుసుతో పెరిగినవాడివి. కవళ్ళు, కానాగంతల్లో గుండెకి మేలు చేసే ఒమేగా-3 కొవ్వు ఉంటుంది. నీ రిపోర్టుకి చేప వల్ల వచ్చిన ముప్పు పెద్దగా ఉండదు, నూనెలో ముంచి వేపితే తప్ప. చేప కూడా మానాలనిపించిన రోజున మన తీరంలో చేపల వేట నిషేధం ఎలాగూ ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు కదలవు. హార్బర్‌లో సరుకు తగ్గిపోయి రేటు మండిపోయే ఆ రోజుల్లో మానడం సులువు. అప్పటినుంచి రోజూ ఒక చెంచా అవిసె గింజల పొడి అన్నంలో కలుపుకో. అందులోనూ ఒమేగా-3 ఉంటుంది. అది శరీరంలో చేప కొవ్వుగా మారేది కొంచెమే, అందుకని ఒకరోజు తిని నాలుగు రోజులు మరిచిపోతే ప్రయోజనం లేదు.

కొత్తగా నియమం పెట్టుకోవడానికి మన పంచాంగమే చాలు. కార్తీకంలో నెల్లాళ్ళు ముక్క ముట్టని ఇళ్ళు మన వీధిలో సగానికి పైనే. అయితే పోలి పాడ్యమి దాటీ దాటగానే అందరూ చికెన్ షాపులకి పరిగెత్తుతారు. నువ్వు అక్కడ ఆగకు. వెంటనే మార్గశిరం వస్తుంది, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి లక్ష్మివారాలు, అంటే గురువారాలు వస్తాయి. అసలే శనివారం వెంకన్నది, సోమవారం శివుడిదీ అనే ఇల్లు మనది. లక్ష్మివారం కూడా కలిపితే వారంలో మూడు రోజులు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఆఫీసులో పార్టీకి పిలిచి బలవంతపెట్టేవాళ్ళతో కొలెస్ట్రాల్ గురించి మొదలుపెడితే గంట సేపు వాదిస్తారు. "ఇవాళ వారం" అంటే నోరెత్తరు.

ఇక వంట సంగతి. ముక్క లేనిదే ముద్ద దిగదని మీ పెదనాన్న కూడా అనేవారు. ఆయన కంచం చూస్తే నాకు ఒకటి అర్థమైంది. ముక్కలు పక్కకి నెట్టి ముందు ఇగురులో అన్నం కలుపుకునేవారు. ఆ ఇగురుకి మనం పడే తంటాలు చూడు: ఉల్లిపాయ ఎర్రగా వేగేదాకా నిలబడతాం, అల్లం వెల్లుల్లి అప్పటికప్పుడు నూరతాం, గసగసాలు కొబ్బరి వేస్తాం. అదే ఇంట్లో బీరకాయ కూరకి పోపు వేసి ఐదు నిమిషాల్లో దించేసి, కూరగాయలకి రుచి లేదంటాం.

అందుకని ఆదివారం కొమ్ము శనగలు చెయ్యి. నల్లవి, చిన్నవి. శనివారం రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు, ఉప్పు, పసుపు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించు. మూకుట్లో ఉల్లిపాయలు సన్న సెగ మీద ఎర్రబడనివ్వు, ఇక్కడ తొందరపడ్డావా కూర పోయినట్టే. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక కారం, టమాటా వెయ్యి. ధనియాలు, లవంగం, దాల్చిన చెక్క, గసగసాలు, ఎండుకొబ్బరి వేపి నూరిన ముద్ద వెయ్యి, అంటే నాటుకోడికి మీ అమ్మ నూరేదే, తేడా ఏం లేదు. నూనె పైకి తేలాక శనగలు వెయ్యి. ఒక గరిటెడు శనగలు విడిగా మెదిపి ఇగురులో కలుపు, చిక్కదనం దాంతోనే వస్తుంది. దించేముందు కొత్తిమీర, కంచంలో నిమ్మచెక్క. మీ పెదనాన్న మారు వడ్డించుకునేవారు.

మీల్ మేకర్ చప్పగా, స్పాంజిలా ఉంటుందని కోడలు అందట. ఉప్పు నీళ్ళలో ఉడికించి, చల్లటి నీళ్ళలో కడిగి గట్టిగా పిండాలి, మళ్ళీ కడిగి మళ్ళీ పిండాలి. ఆ వాసన పోయాక అల్లం వెల్లుల్లి, పసుపు, కారం పట్టించి విడిగా వేపి అప్పుడు కూరలో వెయ్యాలి. ప్యాకెట్లోంచి నేరుగా పులుసులో పడేస్తే స్పాంజిలా కాక ఎలా ఉంటుంది!

ఎండాకాలం పనసకాయ వస్తుంది. పొట్టు కూర ఆవ పెట్టి చేసుకోవచ్చు (ఆవ ముద్ద పొయ్యి దించాకే కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది), ముక్కలతో బిర్యానీ చేసుకోవచ్చు. నమిలితే అచ్చం మాంసమే. అక్కడే మోసపోకు. పనసకాయలో ప్రోటీన్ నామమాత్రం. పనస బిర్యానీ చేసిన రోజు పక్కన గుగ్గిళ్ళో, పప్పో ఉండాలి.

ప్రోటీన్ లెక్క ఒక్కసారి చూసుకుంటే నీకూ మీ అమ్మకీ మనసు కుదుటపడుతుంది. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నువ్వు డెబ్భై కిలోలు, అంటే 58 గ్రాములు. 70 గ్రాముల పెసలతో పెసరట్లు పోస్తే 16 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. 50 గ్రాముల కందిపప్పులో 11. రోజు మొత్తానికి 200 గ్రాముల బియ్యం వండుకుంటే 15. గుప్పెడు శనగల్లో 9, గుప్పెడు వేరుశనగ గుళ్ళలో 7. కూడి చూడు, పెరుగు కలపకుండానే సరిపోయింది. ఇవన్నీ వండకముందు తూకాలు. చికెన్‌లో ఎంత ప్రోటీనో పప్పులోనూ అంతే అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు చూడు, అది పచ్చి పప్పు సంగతి. ఉడికి నీళ్ళు పీల్చాక గిన్నెడు పప్పులో ఐదారు గ్రాములు మిగలడం గొప్ప. పల్చటి పప్పుచారు పోసుకుని పప్పు తిన్నానని లెక్కేసుకోవద్దు. బియ్యంలో తక్కువైనది పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది కాబట్టి రెండూ తింటే చాలు, ఒకే పూట కలవాలని కూడా లేదు.

పప్పులు పెంచితే కడుపు ఉబ్బరం వస్తుంది. వచ్చిందని భయపడి మానెయ్యకు. పెసరపప్పుతో మొదలుపెట్టి, నానబెట్టిన నీళ్ళు పారబోస్తూ, ఇంగువ, వాము వాడుతూ మెల్లగా పెంచు. రెండు మూడు వారాల్లో పేగులు అలవాటు పడతాయి. చింతపల్లి వైపు నుంచి వచ్చే రాజ్మా చాలా బాగుంటుంది కానీ, రాత్రంతా నానబెట్టి కుక్కర్లో బాగా ఉడికించాల్సిందే. సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులు అవుతాయి.

కూరగాయలకి ఎంవీపీ కాలనీ రైతు బజారుకి పొద్దున్నే వెళ్ళు, రేట్లు బోర్డు మీదే ఉంటాయి. తోటకూర, గోంగూర, మునగాకు ఏది లేతగా ఉంటే అది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ మాంసంలో ఉన్నంత తేలిగ్గా ఒంటపట్టదు. నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది, భోజనం చేసిన వెంటనే టీ తాగితే పడదు. మీ ఐటీ వాళ్ళు లంచ్ అవ్వగానే టీ కొట్టు దగ్గర చేరతారు కదా, దాన్ని ఒక గంట వెనక్కి నెట్టు. పాలు కూడా తగ్గిద్దామనుకుంటే చోళ్ళు, అదే రాగులు తెచ్చుకో. చోడి పిండి 100 గ్రాముల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకి పైనే, ఆవుపాలలో 120 దాకా ఉంటుంది. చోడి అంబలి మీ తాతగారి పొద్దుటి ఆహారం. ఇప్పుడు బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్ళకి గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు.

బి12 విటమిన్ మాటకి వస్తే, ఇక్కడ నేను మొహమాటపడను. మొక్కల్లో అది ఉండదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, స్పైరులినా అనే నాచు పొడి మింగితే సరిపోతుందని చెప్పేవాళ్ళని నమ్మకు. పాలు, పెరుగు, గుడ్డు తీసుకున్నంత కాలం కొంత అందుతుంది, అవీ మానేస్తే మాత్ర తప్పదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలీదు. ఏళ్ళు గడిచాక కాళ్ళు చేతులు తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే ఇంకో విటమిన్ వల్ల రక్తహీనత బయటపడకుండా, లోపల నరాలు దెబ్బతినడం కూడా ఉంది. ఇప్పుడే ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. మీ అమ్మని కూడా తీసుకెళ్ళు, షుగర్‌కి ఆవిడ ఏళ్ళ తరబడి వాడుతున్న మెట్‌ఫార్మిన్ కూడా బి12 తగ్గిస్తుంది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు నీ నియమాలు ఆ పిల్ల మీద రుద్దకు, డాక్టరమ్మ చెప్పినట్టే తిననివ్వు. ఉద్దానం వైపు మన చుట్టాల్లో కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకి ఈ ఉత్తరం ఫార్వర్డ్ చెయ్యకు. వాళ్ళ పప్పుల, ఆకుకూరల లెక్క వేరు, డాక్టరు చెప్పాలి.

మాంసం మానితే చాలు ఆరోగ్యం అనుకునేవాళ్ళు జన్మలో ముక్క ముట్టకుండా షుగర్, బీపీ తెచ్చుకున్నవాళ్ళని చూడలేదనుకుంటాను. ఆర్కే బీచ్‌లో మిరపకాయ బజ్జీ శాకాహారమే, బేకరీ పఫ్‌లో డాల్డా శాకాహారమే. ముక్క లేని లోటుని ఊరగాయ, అప్పడం, స్వీటుతో తీర్చుకున్నావంటే నీ రిపోర్టు ఇప్పటికంటే పాడవుతుంది. పామాయిల్ కూడా మొక్క నుంచి వచ్చేదే, అందులో గడ్డకట్టే కొవ్వు బాగా ఎక్కువ.

పెళ్ళిళ్ళకి, చుట్టాల ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఉపన్యాసాలు పెట్టకు. మీ అత్తగారు రొయ్యలు ఒలిచి చింతచిగురుతో వండి పెడితే రెండు తిని, బాగున్నాయని చెప్పి, మిగతా భోజనం పప్పుతో కానియ్యి. ఇంకోసారి వెళ్ళేముందే ఫోన్ చేసి ఆనపకాయ పులుసు తినాలని ఉందని చెప్పు, ఆవిడే సంతోషంగా చేస్తుంది.

మూడు నెలలయ్యాక కొలెస్ట్రాల్ మళ్ళీ చూపించుకో. తగ్గినా తగ్గకపోయినా డాక్టరుగారు ఇచ్చిన మాత్ర నీ అంతట నువ్వు ఆపకు. కొందరికి వంశంలోనే వస్తుంది, మీ నాన్న వైపు ఉంది కూడా, అలాంటప్పుడు తిండి ఎంత మార్చినా మందు కావాలి. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పావో లేదో, ఈసారి వెళ్ళినప్పుడు మొదటే చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ